చిప్పబొగ్గు విస్తీర్ణం

ఫ్రిజ్జులో రొయ్యలున్న సంగతి మాణిక్యాలరావుగారికి మండపేటలో, వియ్యంకుడి ఇంట్లో, రెండోరోజు పొద్దున్న పెసరట్టు ముందు కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది.

"కారం ఎక్కువైందాండీ అన్నయ్యగారూ?" అని అడిగింది వియ్యపురాలు.

"లేదమ్మా, బాగుంది," అని ఆ ముక్క మింగేసి మంచినీళ్ళు తాగారు. 

చెప్పుకునే సంగతి కాదది. తుఫాను వస్తోందని, కోడలు విజయకి మూడో నెల అని, అంబాజీపేట దగ్గర తమ ఊళ్ళో కొబ్బరిచెట్లు ఇంటి మీదికే వంగి ఉంటాయని, కొడుకు వెంకటకృష్ణ అందర్నీ కారెక్కించి విజయ పుట్టింటికి తీసుకొచ్చాడు. బయల్దేరడానికి గంట ముందు గంగబాబు వచ్చాడు. అతనికి మలికిపురం అవతల రొయ్యల చెరువులున్నాయి. గాలివాన గట్లు తెంపేలోగా చెరువుల్లో రొయ్యలన్నీ పట్టించేసి, ఒకప్పుడు తన పొలం హద్దులు సరిగ్గా తేల్చిపెట్టిన ఈ రిటైర్డ్ సర్వేయరుగారిని మర్చిపోకుండా రెండు కిలోల రొయ్యలు పట్టుకొచ్చాడు. అప్పటికి కార్తీకమాసం వచ్చి వారం. కాంతంగారు ఆ నెల్లాళ్ళూ ఉల్లిపాయ కూడా ముట్టరు. ఇచ్చిన మనిషిని కాదనలేక, ఇంట్లో చెప్పలేక, మాణిక్యాలరావుగారు ఆ సంచిని మరో రెండు సంచుల్లో చుట్టి, ఫ్రిజ్జు పైన ఐసు అరలో వెనక్కి తోసి, ముందు ఐసు ట్రేలు అడ్డం పెట్టారు. నెల వెళ్ళాక తీసి, అప్పుడే వచ్చాయని చెప్పొచ్చని ఆయన ఆలోచన.

తుఫానుకి కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. ఊళ్ళో ఆరు రోజులు కరెంటు లేదు.

ఇంటికి వచ్చేసరికి పెరట్లో నాలుగు చెట్లు పడి ఉన్నాయి గానీ ఇల్లు చెక్కుచెదరలేదు. కాంతంగారు ఆకాశంకేసి చూసి దణ్ణం పెట్టుకుంటుంటే, విజయ వీధిగేటు దగ్గరే నిలబడిపోయి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"లోపలేదో చచ్చిపోయిందండి అత్తయ్యగారూ," అంది.

మాణిక్యాలరావుగారు అందరికంటే వెనక నడిచారు. కాంతంగారే వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్జు తలుపు తీశారు.

ముప్ఫైమూడేళ్ళ సర్వీసులో ఆయన వరద తీసిన లంకల్లో పశువుల కళేబరాల పక్కన కొలత గొలుసు లాగించారు. ఇలాంటి వాసన మాత్రం ఎరగరు. అది ముక్కులోకి రావడం కాదు, ఎదురుగా వచ్చి గుండెమీద చెయ్యి వేసి వెనక్కి తోసింది. రెండు కిలోల రొయ్యల్లో ఇంత బలం ఉంటుందా అని, భయంలో కూడా, ఆయనకి ఆశ్చర్యం వేసింది.

"ఇదేవిటండీ?" అన్నారు కాంతంగారు, కొంగు ముక్కుకి నొక్కిపట్టి.

"గంగబాబు ఇచ్చేడు."

"ఎప్పుడు?"

"మనం బయల్దేరిన రోజు."

"అంటే కార్తీకమాసంలో. నా ఫ్రిజ్జులో."

"ఆయ్," అన్నారు మాణిక్యాలరావుగారు.

కాంతంగారు ఫ్రిజ్జు తలుపు మూసేశారు. రెండు రోజులపాటు ఏమీ అనలేదు.

తప్పు తనది కాబట్టి కడిగే పని కూడా ఆయనే పెట్టుకున్నారు. సంచిని తీసుకెళ్ళి దొడ్డి చివర మోకాలి లోతు గొయ్యి తీసి పూడ్చారు. అరలన్నీ ఊడదీసి సబ్బునీళ్ళతో తోమి ఎండలో పెట్టారు. వంటసోడా కలిపిన వేడినీళ్ళతో లోపలంతా మూడుసార్లు తుడిచారు. నిమ్మచెక్కలు పెట్టమని ఒకరంటే పెట్టారు, కాఫీపొడి పెట్టమని ఇంకొకరంటే అదీ పెట్టారు. పాల కేంద్రం దగ్గర ఎవరో చెప్పారని వెనిగర్ గిన్నెతో ఒక రాత్రంతా ఉంచారు. ఏ మందూ ఒక పూట మించి నిలవలేదు. కాఫీపొడి పెట్టిన మర్నాడు ఫ్రిజ్జులోంచి రొయ్యల కాఫీ వాసన వచ్చింది. విసిగిపోయిన కాంతంగారు మౌనం విడిచి, నిప్పులమీద సాంబ్రాణి వేసి ఆ పొగ లోపలికి పట్టించారు. అప్పుడు గుళ్ళో రొయ్యలు కుళ్ళినట్టు ఉంది. ఆ మాట పైకి అనకుండా ఆయన నాలిక కరుచుకున్నారు.

వారం గడిచేసరికి మాణిక్యాలరావుగారికి వాసన తెలియడం మానేసింది. కాంతంగారికీ అలవాటైపోయింది. విజయకి మాత్రం తగ్గలేదు.

విజయ ముక్కు ఆ రోజుల్లో మనుషుల ముక్కులా లేదు. ఆ పిల్ల వీధరుగు మీద మంచం వేసుకుని పడుకునేది. మధ్యలో రెండు గదులు, రెండు తలుపులు. అయినా వంటింట్లో ఫ్రిజ్జు తలుపు తీస్తే అక్కణ్ణుంచే, "తీసేరాండీ మావయ్యగారూ?" అని నీరసంగా అడిగేది. ఒకసారి ఆయన పరీక్ష చేశారు. వంటింటి తలుపు దగ్గరగా వేసి, చప్పుడు కాకుండా ఫ్రిజ్జు బొటనవేలంత సందు తెరిచి, మనసులో అంకెలు లెక్కపెట్టారు. పన్నెండు అనేలోగా అరుగు మీద ఓకరింత వినబడింది. తలుపు మూసేసి చాలాసేపు అలాగే నిలబడ్డారు. కంటికి కనబడనిది, చేతికి తగలనిది, రెండు గదులు దాటి వెళ్ళి కడుపుతో ఉన్న పిల్లని కదిపేస్తోంది. ఆ పిల్ల లోపల చింతగింజంత ప్రాణి ఒకటి ఆ ముక్కుని కాపలా పెట్టుకుని కూర్చుంది. తన ప్రయోగానికి తానే సిగ్గుపడి, ఆ మాట ఎవరితోనూ అనలేదు.

విజయ రెండు కిలోలు తగ్గింది. అన్నం సయించడం లేదు. పెరుగు నోట పెడితే వాంతి. మండపేట నుంచి ఫోనొచ్చింది: "పిల్లని కొన్నాళ్ళు మా దగ్గరికి పంపెయ్యండి అన్నయ్యగారూ." అందులో కోపం లేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

"ఫ్రిజ్జు తీసి అవతల పారేద్దాం నాన్నగారూ," అన్నాడు వెంకటకృష్ణ.

"పారేద్దురు గాని. ఒక్క రెండు రోజులు చూడనియ్యండ్రా," అన్నారాయన.

ఆ సాయంత్రం శ్రీవాణి వచ్చింది. పక్కింటి దుర్గాదేవిగారి అమ్మాయి. కెమిస్ట్రీ చదివి, ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో కొబ్బరిచిప్పల బొగ్గు ఫ్యాక్టరీలో, పరీక్షల గదిలో పనిచేస్తోంది. విజయని చూడ్డానికి వచ్చి, విషయం విని, వంటింట్లోకి వచ్చింది.

"లోపలంతా కడిగేసేరు సరేనండి బాబాయిగారూ, వెనకాల కడిగేరా?"

"వెనకాల ఏవుంటుందమ్మా?"

"ఐసు కరిగిన నీళ్ళు ఎక్కడికి వెళ్తాయనుకున్నారండి? లోపల గోడకి అడుగున చిన్న కన్నం ఉంటుంది. దాంట్లోంచి వెనక ట్రేలోకి దిగుతాయి. మా ఇంట్లోనూ ఒకసారి ఇలాగే అయిందండి."

ప్లగ్గు పీకి, ఇద్దరూ కలిసి ఫ్రిజ్జుని గోడ నుంచి ముందుకు లాగారు. మాణిక్యాలరావుగారు నేలమీద బోర్లా పడుకుని టార్చి వేసి చూశారు. కంప్రెసరు పైన, పలకంత ప్లాస్టిక్ ట్రే. అందులో రెండంగుళాల మందాన నల్లగా, జిగురుగా, నిశ్చలంగా ఉంది రొయ్యల నీరు. పది రోజులుగా కంప్రెసరు వేడికి కింద నుంచి సన్నసెగ తగులుతూ ఉడుకుతోంది. తాను నిమ్మచెక్కలు పెట్టి తలుపు మూసిన ప్రతిసారీ ఇది ఇక్కడే ఉంది.

ఆ ట్రే బయటికి తీయడానికి ముక్కుకి తువ్వాలు కట్టుకోవాల్సి వచ్చింది. దొడ్లోకి తీసుకెళ్ళి మట్టితో, సబ్బుతో, సోడాతో తోమారు. లోపలి కన్నంలోకి సన్నటి పుల్ల పోనిచ్చి, వేడినీళ్ళు పోసి, కింద తేటగా పడేదాకా పోస్తూనే ఉన్నారు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతల్ని శ్రీవాణి పాత టూత్‌బ్రష్‌తో గీకింది. అక్కడ కూడా ఉంది.

మర్నాడు పొద్దున్న విజయని అడిగారు.

"సగం పోయిందండి మావయ్యగారూ," అంది కళ్ళు మూసుకుని. "సగం ఉందండి."

సాయంత్రం శ్రీవాణి మళ్ళీ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో మిరియాలు కచ్చాపచ్చాగా దంచినట్టు నల్లటి పలుకులు.

"ఆ సగం ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయిందండి. అది కడిగితే పోదు. మెల్లిగా బయటికొస్తూ ఉంటుంది. వచ్చినదాన్ని వచ్చినట్టు ఇది పట్టుకుంటుందండి." రెండు స్టీలు పళ్ళేలు అడిగి తీసుకుని ఆ పలుకుల్ని పలచగా పరిచి, ఒకటి పై అరలో, ఒకటి కింద అరలో పెట్టింది. "రెండొందల గ్రాములు తెచ్చేనండి. సరిపోతుంది."

మాణిక్యాలరావుగారికి నవ్వొచ్చింది. "బొగ్గేనా అమ్మా? సాంబ్రాణి వేసినప్పుడు కుంపట్లో మా దగ్గరా ఉందిగా బొగ్గు."

"అది మామూలు బొగ్గండి. దీనికి ఫ్యాక్టరీలో ఆవిరి పట్టిస్తాం. అప్పుడు దీనికి చోటు పెరుగుతుంది."

"చోటా?"

"ఆయ్. వాసన అంటుకోడానికి చోటు. గ్రాముకి వెయ్యి చదరపు మీటర్లుంటుందండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఇది ఆయన ఇలాకా. "వెయ్యి చదరపు సెంటీమీటర్లు అనబోయి మీటర్లన్నావు."

"లేదండి. మీటర్లే."

"అమ్మా, వెయ్యి చదరపు మీటర్లంటే పాతిక సెంట్ల భూమి. ఇల్లు కట్టుకుని, వెనకాల పది కొబ్బరిచెట్లు వేసుకోవచ్చు. గ్రాము బొగ్గులో పాతిక సెంట్లు ఎలా ఉంటుంది?"

"లోపలంతా కన్నాలండి. కన్నంలో కన్నం, దాంట్లో ఇంకో కన్నం. ఆ గోడలన్నీ విప్పి పరిచేమనుకోండి, అంతవుతుంది."

"గోడలు నేల కింద ఎలా లెక్కవేస్తాం?"

"వాసనకి గోడేవిటి, నేలేవిటండి. అంటుకోడానికి చోటుంటే చాలు కదా."

ఆయన వంగి పళ్ళెంలో పలుకులకేసి చూశారు. "ఎవరు కొలిచేరు?" అని అడిగారు.

"నేనేనండి," అంది శ్రీవాణి. "రోజూ నేనే కొలుస్తాను. అదే నా ఉద్యోగం."

మాణిక్యాలరావుగారు ఆ అమ్మాయిని చిన్నప్పటి నుంచి చూస్తున్నారు. జడకి రిబ్బను లేకుండా బడికి వెళ్ళనని ఏడ్చిన పిల్ల. ఊళ్ళో తానొక్కడే కొలతలు వేసేవాణ్ణని ఇన్నాళ్ళూ అనుకున్నారు.

"నాకు చూపిస్తావా?" అన్నారు.

మర్నాడు పదిగంటలకి, మేనేజరుగారి అనుమతి తీసుకుని, శ్రీవాణి ఆయన్ని ఫ్యాక్టరీలోకి తీసుకెళ్ళింది. ఆవరణలో చిప్పబొగ్గు కుప్పలు తాటిచెట్టు ఎత్తున ఉన్నాయి. కోనసీమ అంతటా ఎండుకొబ్బరి తీసేశాక మిగిలిన చిప్పలు, గోతుల్లో కాలి, బస్తాలకెక్కి ఇక్కడికి చేరతాయి. ఆయన తోటలో చిప్పలు కూడా ఆ కుప్పల్లో ఎక్కడో ఉండే ఉంటాయి. ఏటా లారీకి ఎత్తించడమే గానీ అవి ఎక్కడికి వెళ్తాయని ఆయన ఒక్కసారీ అడిగింది లేదు.

షెడ్డులో ఇనప గొట్టం ఒకటి అడ్డంగా, రైలుపెట్టెంత పొడుగున, మెల్లగా పొర్లుతోంది. దగ్గరికి వెళ్తుంటేనే మొహం కాలింది. చివర్న నీలం అద్దం పెట్టిన చిన్న కిటికీ ఉంది.

"చూడండి బాబాయిగారూ. లోపల తొమ్మిదివందల డిగ్రీలు."

ఆయన వంగి చూశారు. బొగ్గు నల్లగా లేదు. తూర్పారబట్టిన ధాన్యం జారినట్టు, వెలుగే పలుకులు పలుకులుగా జారుతోంది. పైకి లేస్తోంది, మళ్ళీ జారుతోంది. దానిమీదికి ఎక్కణ్ణుంచో ఆవిరి బుస్సుమంటోంది.

"ఆ ఆవిరే తవ్వుతుందండి," శ్రీవాణి ఆయన చెవి దగ్గరగా వచ్చి గట్టిగా చెప్పింది. "బొగ్గుని లోపల్లోపల తినేస్తూ పోతుంది. కొబ్బరిచిప్పకి వచ్చినంత సన్నటి కన్నాలు కర్రబొగ్గుకి రావండి. మన చిప్పకే అది."

"మన చిప్పకే," అన్నారాయన తనలో తాను.

పరీక్షల గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. శ్రీవాణి ఒక గాజుకుప్పెలో డికాక్షను రంగు నీళ్ళు పోసింది. అది అయొడిన్ అని చెప్పింది. దెబ్బ తగిలితే రాసుకునే మందు. తర్వాత బొగ్గుపొడి ఒక గ్రాము తూచింది. అర చెంచాడంత.

"మీ గొలుసు ఇందులోకి పట్టదు కదండీ. అందుకని మేం అయొడిన్‌ని పంపిస్తాం. అది దూరగలిగిన ప్రతి సందులోకీ దూరి, ఖాళీ ఉన్న ప్రతిచోటా అంటుకుంటుంది. ఎంత పంపించేమో తెలుసు. ఎంత తిరిగొచ్చిందో చూస్తాం. రానిదంతా లోపల చోటు చూసుకుని కూర్చున్నట్టే. మిల్లీగ్రాము అయొడిన్ రాలేదంటే, ఇంచుమించు ఒక చదరపు మీటరు చోటు ఉన్నట్టండి."

"నేను కలపొచ్చా?"

"కలపండి."

కుప్పె మూతి మూసి, చెప్పినంతసేపు ఊపారు. నల్లటి బురదలా అయింది. దాన్ని కాగితం గరాటులో పోసి, కింద గాజుగ్లాసు పెట్టింది శ్రీవాణి. మొదటి చుక్క పడింది. రెండోది పడింది. డికాక్షను రంగు ఎక్కడా లేదు. చుక్క తర్వాత చుక్క, కొబ్బరినీళ్ళంత తేటగా పడుతోంది. శ్రీవాణి అందులో కంటికి ఆననంత మిగిలిన అయొడిన్ లెక్క తేలడానికి ఇంకో మందు బొట్లు బొట్లుగా వేసి, కాగితం మీద ఏవో అంకెలు రాసి, కింద గీత గీసింది.

"వెయ్యీ నలభై వచ్చిందండి ఇవాళ."

మాణిక్యాలరావుగారు కుర్చీలో కూర్చున్నారు. కొలత మీద ఆయనకి అనుమానం లేదు. మనిషి వెళ్ళలేని చోటికి ఒకదాన్ని పంపి, తిరిగిరానిదాన్ని లెక్కపెట్టి, నేల ఎంతుందో చెప్పడం. ఎంత నిజాయితీ అయిన కొలత. అందులో హద్దురాళ్ళు జరిపేవాడు లేడు, గొలుసు బిగించి లాగమనేవాడు లేడు. జేబులోంచి పెన్ను తీసి, ఆ అమ్మాయి ఇచ్చిన కాగితం వెనక లెక్క వేశారు. గ్రాముకి వెయ్యే వేసుకున్నారు. రెండువందల గ్రాములు. నలభై తొమ్మిది ఎకరాల నలభై రెండు సెంట్లు. అది ఆ క్షణాన ఆయన వంటింట్లో, రెండు స్టీలు పళ్ళేల్లో, పెరుగుగిన్నె పక్కన ఉంది. తర్వాత ఊరి మొత్తం విస్తీర్ణం వేసి చూశారు. ఊరు ఆయనకి కంఠతా వచ్చు: వరిచేలు, తోటలు, ఇళ్ళు, కాలవగట్లు, శ్మశానంతో సహా నాలుగువందల డెబ్భై ఎకరాలు. కిలో తొమ్మిదివందల గ్రాములు చాలు.

"బాగున్నారాండీ?" అంది శ్రీవాణి.

"బాగున్నానమ్మా. మంచినీళ్ళు ఇయ్యి."

తిరిగొచ్చేటప్పుడు స్కూటరు నెమ్మదిగా నడిపారు. తుఫానుకి పడిపోయిన వరిని రైతులు కట్టలు కట్టి నిలబెడుతున్నారు. దారిలో ఒకచోట, కాలవ వంతెన మీద, ఆగిపోయారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లంకకి పంపించారు ఆయన్ని. ఆ ఏడు గోదావరి లంకలో మూడోవంతు కోసుకుపోయింది. కాయితాల్లో భూమి ఉంది, కళ్ళెదుట నీళ్ళున్నాయి. ఒక ముసలాయన ఒడ్డున నిలబడి, నీళ్ళకేసి చెయ్యి చూపించి, "మా ఎకరన్నర అక్కడుందండి బాబూ, కొలిచి పెట్టండి," అన్నాడు. కొలవలేనని చెప్పారు. ఉన్నదాన్నే కొలుస్తాం, లేనిదాన్ని కొలవలేం అని చెప్పారు. అది ఇన్నేళ్ళూ ఆయనకి సరైన మాటగానే ఉంది. ఇప్పుడు వంతెన మీద నిలబడి చూస్తే, పొలాలు, గట్లు, వాటిమీద తాను నాటించిన రాళ్ళు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి గానీ పలచటి వస్త్రంలా కనిపించాయి, ఎక్కడ పట్టుకుని విప్పితే ఇంకా ఎంత పరుచుకుంటుందో తెలియనట్టు. కాళ్ళ కింద వంతెన ఉందో లేదోనని పిట్టగోడ పట్టుకున్నారు. భయం లేదు. పెద్ద గుళ్ళోకి మొదటిసారి వెళ్ళిన పిల్లాడికి తల ఎత్తితే కప్పు చూపుకి అందనప్పుడు ఉండేలాంటిదేదో ఉంది.

ఇంటికెళ్ళి, భోజనం చేస్తూ, కాంతంగారికి చెప్పడానికి ప్రయత్నించారు. ఆవిడ శ్రద్ధగానే విన్నారు.

"యాభై ఎకరాలుంటే ఉందిగానండి, వాసన పోతుందా?" అన్నారు.

"పోతుంది."

"ఎలా తెలుసు?"

"దానికి చాలినంత చోటు ఉంది కాంతం," అన్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం మాణిక్యాలరావుగారు హాల్లో పేపరు చదువుకుంటున్నారు. వంటింట్లో చప్పుడైంది. ఫ్రిజ్జు తలుపు తీసిన చప్పుడు. కాంతంగారు దుర్గాదేవిగారింటికి వెళ్ళారు. వెంకటకృష్ణ కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్ళాడు. ఆయన లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు.

విజయ ఫ్రిజ్జు ముందు నిలబడి ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. చేతిలో పెరుగుగిన్నె, చెంచా. గిన్నెలోంచే తింటోంది. ఆయన్ని చూసి గబుక్కున చెంచా దించింది.

"ఆకలేసిందండి మావయ్యగారూ," అంది తప్పుచేసినట్టు.

"తినమ్మా, తిను. వాసన?"

విజయ లోపలికి వంగి, కళ్ళు మూసుకుని, నిండా పీల్చింది. ఆయన ఊపిరి బిగబట్టారు.

"ఏవీ లేదండి," అంది. "పెరుగు వాసనొస్తోంది. అంతేనండి."

కుర్చీ లాగి ఆ పిల్లని కూర్చోబెట్టారు. అన్నం పెట్టి, పెరుగు వేసి, ఉప్పు అందించారు. రెండు వారాల తర్వాత ఇంట్లో కూర్చుని తింటున్న తిండి. విజయ రెండోసారి పెట్టించుకుంది. ఆయన ఫ్రిజ్జు తలుపు మూయబోతూ, పళ్ళెంలోంచి ఒక పలుకు తీశారు. మిరియపు బద్దంత ఉంది. వేలిమీద పెట్టుకుని వెలుతురులో చూశారు. మెరుపు లేదు, బరువు లేదు. ఎక్కడెక్కడి కుళ్ళునో లోపల పెట్టుకుని ఏమీ ఎరగనట్టు ఉంది.

"ఏవిటండీ అది?" అంది విజయ.

"శ్రీవాణి తెచ్చిన బొగ్గమ్మా. ఈ పలుకొక్కటీ విప్పి పరిస్తే ఎంతవుతుందో తెలుసా? ఈ వంటింటి నేలంతా."

ఆ పిల్ల ఆయన నవ్వులాటకి అంటున్నారేమోనని మొహంలోకి చూసింది. కాదని తెలుసుకుని చెయ్యి చాపింది. ఆయన ఆ పలుకు ఆమె అరచేతిలో పెట్టారు. విజయ దాన్నీ, గచ్చునీ మార్చి మార్చి చూసింది. గోడ వార నుంచి గోడ వారదాకా, పొయ్యి కింద, ఫ్రిజ్జు కింద, తన కుర్చీ కిందిదాకా చూసింది. అన్నం తినడం ఆపి, చేతిలోదాన్ని పడిపోకుండా వేళ్ళు మెల్లిగా దగ్గరికి ముడిచింది.